గట్టుకు టిప్పన్ ఉంది, కారు చోటుకు లేదు

సంపాదకుల వారికి,

నమస్కారములు.

సర్వే, భూ రికార్డుల శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఆ కాలమంతా గట్టు తగాదాల మధ్యే గడిచింది. దుక్కి దున్నినప్పుడల్లా ఒక్కో సాలు చొప్పున పక్కవాడి చేలోకి జరిగిపోయే గట్టును, టిప్పన్ (పొలం హద్దుల కొలతలు గీసిన సర్వే పటం) ముందు పెట్టుకుని, గొలుసు లాగించి, మట్టిలో కూరుకుపోయిన పాత హద్దు రాయి బయటపడేదాకా తవ్వించి, మళ్ళీ దాని చోటుకు చేర్చడమే నా వృత్తి. అన్నదమ్ములు మాటలు మానేసిన ఊళ్ళలో కూడా ఆ కాగితం ముందు ఇద్దరూ తలవంచడం కళ్ళారా చూశాను. అటువంటి నేను, మల్కాజిగిరిలో నా సొంత ఫ్లాటు కింద, లిఫ్టు పక్కన రెండు స్తంభాల మధ్య ఉన్న కారు చోటును మూడేళ్ళకు పైగా నిలబెట్టుకోలేకపోయాను. ఎందుకు నిలబెట్టుకోలేకపోయానో అర్థం కావడానికే ఆ మూడేళ్ళూ పట్టాయి. రాత్రి తొమ్మిది దాటాక సెల్లార్‌లోకి బండి తిప్పాలంటే నాలాగే బెంగపడే వారు నగరంలో చాలామంది ఉంటారు కనుక, వారికి పనికొస్తుందన్న ఉద్దేశంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది 2006లో కట్టిన అపార్టుమెంటు. కింద స్టిల్టు, అంటే కార్ల కోసం స్తంభాల మధ్య ఖాళీగా వదిలిన భాగం, దాని మీద ఐదు అంతస్తులు, అంతస్తుకు నాలుగు చొప్పున ఇరవై ఫ్లాట్లు. కింది భాగం నేలమట్టానికే ఉన్నా మేమందరం దాన్ని సెల్లార్ అనే అంటాం. నేను ఫ్లాటు కొన్న రోజున బిల్డర్ నన్ను లిఫ్టు పక్కకు తీసుకువెళ్ళి, స్తంభం మీద సుద్దముక్కతో నా ఫ్లాటు నంబరు వేసి, "ఇది మీది సార్" అన్నాడు. పదిహేనేళ్ళపాటు ఆ సుద్ద అంకెలే నాకు పట్టా. వాటిని పెయింటుతో దిద్దించాలన్న ఆలోచన సర్వేయరునైన నాకే రాలేదంటే, మిగిలిన వారి సంగతి చెప్పనక్కరలేదు.

2021లో మూడో అంతస్తులో ఒక ఫ్లాటు చేతులు మారింది. కొనుక్కున్న దంపతులు మర్యాదస్తులు; ఇద్దరూ ఉద్యోగులు, ఇద్దరికీ చెరొక కారు. వారి రెండో కారు మొదటిసారి నా చోటులో కనిపించినప్పుడు ఫోను చేశాను. "ఐదు నిమిషాల్లో తీసేస్తా అంకుల్" అన్నారు, అన్నట్టే వచ్చి తీశారు. రెండో నెలకు ఆ ఐదు నిమిషాలు అరగంట అయ్యాయి. ఆరో నెలకు ఫోను ఎత్తడం తగ్గింది. ఏడాది తిరిగేసరికి, తీస్తే చోటు పోతుందన్న భయంతో నేను సాయంత్రాలు కారు బయటికి తీయడమే మానేసి, కూరగాయలకు ఆటోలో వెళ్ళడం మొదలుపెట్టాను. గట్టు కూడా ఇలాగే జరుగుతుంది. ఒకేసారి గజం జరిపితే ఎవరైనా కర్ర పట్టుకుని వస్తారు. సాలు తరువాత సాలు జరిపితే ఎక్కడ గొంతెత్తాలో ఎదుటివాడికి తెలియదు.

మధ్యలో నలిగినవాడు మా వాచ్‌మన్. పాలమూరు నుంచి వచ్చిన మనిషి. బండి పెడుతుంటే ఎందుకు ఆపలేదని నిలదీస్తే, "నేనేం జేయాలె సారూ, ఇద్దరూ నాకు జీతమిచ్చెటోళ్ళే గదా" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. నా చోటులో ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేయించాను. దాన్ని ఎవరో జాగ్రత్తగా గోడవారకు జరిపి కారు పెట్టుకున్నారు. రెండు స్తంభాలకూ గొలుసు కట్టించుకుంటానంటే, ఒకరికి ఒప్పుకుంటే అందరూ కట్టిస్తారని అసోసియేషన్ వారు ఒప్పుకోలేదు. ఒక రాత్రి ఊరి నుంచి పదకొండింటికి వచ్చి, లోపల చోటు లేక కారును వీధిలో వదిలేస్తే, తెల్లారేసరికి పక్క అద్దం విరిగి వేలాడుతోంది. ఆ ఉదయమే నా మిత్రుడొకరు, టైర్లలో గాలి తీసేస్తే దెబ్బకు దారికొస్తారని సలహా ఇచ్చారు. నేను చేసి ఉండేవాణ్ణేమో. "పొద్దున్నే వాళ్ళ పాపను బడికి దింపేది ఆ కారులోనే" అని మా ఆవిడ ఒక్క మాట అన్నది, అక్కడితో ఆగిపోయాను.

పోలీసు స్టేషనుకు వెళితే "ఇది సివిల్ మ్యాటర్ సార్" అన్నారు. అప్పుడు కోపం వచ్చింది గానీ, తరువాత చట్టాలు తిరగేస్తే వారు చెప్పింది చాలావరకు నిజమేనని తేలింది. అడ్డంగా వదిలేసిన వాహనాలను తొలగించే అధికారం మోటారు వాహనాల చట్టం, 1988 పోలీసులకు ఇచ్చింది బహిరంగ స్థలాల విషయంలోనే. ప్రజలకు ప్రవేశ హక్కు ఉన్న చోటే బహిరంగ స్థలమని ఆ చట్టంలోని సెక్షన్ 2(34) చెబుతుంది. మా గేటు లోపలి భాగం ఆ నిర్వచనంలోకి రాదు. వీధిలో మన గేటుకు అడ్డంగా ఎవరైనా బండి ఆపితే అది వేరే సంగతి, దానికి ట్రాఫిక్ పోలీసులను పిలవవచ్చు. (ఇంటి ముందున్న రోడ్డు కూడా తమదేనని పూలకుండీలు, బండరాళ్ళు పేర్చే వారు మా వీధిలోనే నలుగురున్నారు. వారికి ఆ రోడ్డు మీద ఎవరికీ లేని హక్కేమీ లేదు.) భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 126, అంటే పాత శిక్షాస్మృతిలోని 341, ఒక మనిషిని వెళ్ళవలసిన వైపుకు వెళ్ళనివ్వకుండా అడ్డగించడం గురించి చెబుతుంది, దానికి నెల వరకు సాధారణ జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కావాలని నా కారు వెనుక కారు పెట్టి నన్ను కదలనివ్వకపోతే ఆ సెక్షన్ పేరెత్తవచ్చునేమో గానీ, ఖాళీగా ఉన్న నా చోటులో బండి పెట్టినందుకు అది అతకదు. అక్రమ ప్రవేశం అందామంటే నేరం చేయాలనో, భయపెట్టాలనో, అవమానించాలనో, చికాకుపరచాలనో ఉద్దేశం ఉన్నట్టు రుజువు కావాలి. ఆఫీసు నుంచి అలసి వచ్చి, దొరికిన చోట బండి ఆపిన మనిషికి ఆ ఉద్దేశం ఉందని నేనే నమ్మలేను. ఇక మిగిలింది 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద సివిల్ కోర్టులో శాశ్వత ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) దావా. దానికోసం కలిసిన వకీలు గారు మొట్టమొదట అడిగిన ప్రశ్న, "మీ చోటు ఎక్కడుందో చూపే కాగితం ఏది?"

ఇంటికి వచ్చి సేల్ డీడ్ తీశాను. ఫ్లాటుకు నాలుగు హద్దులూ ఉన్నాయి: తూర్పున కారిడార్, మిగతా మూడు దిక్కులా 'ఓపెన్ టు స్కై'. ఆకాశాన్ని సైతం హద్దుగా ఎక్కించిన దస్తావేజు లేఖరి, కారు దగ్గరికి వచ్చేసరికి "80 చదరపు అడుగుల కార్ పార్కింగుతో సహా" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఏ స్తంభాల మధ్య, ఏ వరుసలో, ఎంత పొడవు, ఎంత వెడల్పు అన్న ప్రసక్తే లేదు. ఆ 80 అన్న అంకె ఎవరైనా టేపు పట్టుకుని కొలిస్తే వచ్చింది కాదని లెక్క చూస్తేనే తెలుస్తుంది. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇళ్ళ ముందు కనిపించిన మారుతి 800 పొడవు 3,335 మిల్లీమీటర్లు, వెడల్పు 1,440. అది నేల మీద ఆక్రమించేది సుమారు 52 చదరపు అడుగులు. మూడో అంతస్తు వారిది హ్యుందాయ్ క్రెటా. పొడవు 4,300 మిల్లీమీటర్లు, వెడల్పు 1,790, తలుపులు మూసి ఉండగానే దాదాపు 83 చదరపు అడుగులు. నా దస్తావేజులో రాసిన చోటులో ఆ కారును నిలబెడితే, తలుపు తీసుకుని మనిషి దిగే మాట అటుంచి, బంపరే పక్కవారి హద్దులోకి పోతుంది. కార్లు పెరిగాయి, స్తంభాలు మాత్రం వేసిన చోటే ఉన్నాయి. ఈ కాగితంతో కోర్టుకు వెళితే నా మీద నేనే నవ్వుకోవాలి.

వ్యాజ్యం ఆలోచన మానుకుని అసోసియేషన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇద్దామని కూర్చున్నాను. కలం పట్టుకున్నాక, 2014లో మా అమ్మాయి పెళ్ళి గుర్తొచ్చింది. మా బంధువుల కారు మూడు రోజులపాటు మొదటి అంతస్తు మాస్టారు గారి చోటులో ఉండిపోయింది. నేను వారిని అడగలేదు. పెళ్ళి హడావుడిలో అడగవలసిన పని ఉందని కూడా తోచలేదు. ఆయన తన చిన్న కారును వీధి చివర పెట్టుకుని, పెళ్ళికి వచ్చి అక్షింతలు వేసి వెళ్ళారు. ఆ ఫిర్యాదు ఆ రోజు పూర్తి కాలేదు.

దాని బదులు నాకు చేతనైన పనే చేశాను. సమాచార హక్కు చట్టం, 2005 కింద మునిసిపల్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టి, మా భవనానికి మంజూరైన ప్లాను ప్రతి సంపాదించాను. అందులో స్టిల్టు భాగంలో రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవుతో పద్దెనిమిది గళ్ళు గీసి ఉన్నాయి. ఫ్లాట్లు మాత్రం ఇరవై! అంటే కాగితం మీదనే ఇద్దరికి చోటు లేదు. ఆ పద్దెనిమిదిలో ఒక గడి వాచ్‌మన్ గది అయింది, ఇంకొకటి జనరేటరుకు పోయింది, మూడోదానికి చుట్టూ గోడ లేపి బిల్డర్ తన సామాను గదిగా వాడుకున్నాడు. పార్కింగుకు చూపిన చోటును వేరే అవసరానికి మళ్ళించరాదని భవన నిర్మాణ నియమాలు చెబుతూనే ఉన్నాయి గానీ, ఆ గది తాళం చెవి ఇన్నేళ్ళూ బిల్డర్ దగ్గరే ఉంది, మాలో ఎవరమూ అడగలేదు. మిగిలిన గళ్ళు పదిహేను. బిల్డర్ మాత్రం ఇరవై మందికీ ఇరవై పార్కింగులు అమ్మాడు.

ఆ ప్లాను జిరాక్సు పట్టుకుని మూడో అంతస్తుకు నేనే ఎక్కి వెళ్ళాను. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. ప్లాను చూశాక ఆయన లోపలికి వెళ్ళి తన సేల్ డీడ్ తెచ్చారు. అందులోనూ అదే వాక్యం, అవే 80 చదరపు అడుగులు. పాత యజమాని ఇల్లు చూపించిన రోజున లిఫ్టు పక్క స్తంభాల దగ్గరికి తీసుకువెళ్ళి, ఇది కూడా మనదేనని చెప్పి, రెండో పార్కింగు పేరిట లక్షన్నర రూపాయలు కాగితం లేకుండా తీసుకున్నాడట. సెల్లార్‌కు ఆ ఏడాదే కొట్టించిన రంగు కింద నా సుద్ద అంకెలు ఎప్పుడో మాసిపోయాయి. "పెద్దాయన గదా అని మొదట్లో తీసి ఇచ్చేవాణ్ణి అంకుల్. డబ్బు పెట్టి కొన్న చోటుకు ప్రతిసారీ నేనే ఎందుకు తీయాలని తరువాత ఫోను ఎత్తడం మానేశాను" అన్నారు. మూడేళ్ళపాటు ఆయన దృష్టిలో ఆక్రమణదారును నేనే.

ఇంకా లోతుకు వెళితే 'నా చోటు' అన్న మాటే అంత గట్టిది కాదని తెలిసింది. 2010 ఆగస్టు 31న సుప్రీంకోర్టు నహల్‌చంద్ లాలూచంద్ సంస్థకూ, పాంచాలి సహకార గృహ సంఘానికీ మధ్య నడిచిన కేసులో తీర్పు చెబుతూ, స్టిల్టు పార్కింగు ఫ్లాటు కాదు, గ్యారేజీ కాదు, బిల్డర్ దాన్ని విడిగా అమ్ముకోలేడు, అది ఉమ్మడి వసతి అన్నది. ఆ తీర్పు మహారాష్ట్ర చట్టం మీద వచ్చింది కనుక ఇక్కడ తు.చ. తప్పకుండా వర్తిస్తుందని నేను వాదించను. అయితే ఫ్లాటు యజమాని విడి స్వాధీనంలోకి రాని భాగాలను ఉమ్మడి వసతులుగా చూడడం మన 1987 నాటి అపార్టుమెంట్ల చట్టానికీ కొత్త కాదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ) చట్టం మరింత స్పష్టంగా, పైకప్పూ మూడు వైపులా గోడలూ ఉన్నదాన్నే గ్యారేజీ అన్నది. ఆరుబయటి పార్కింగును ఉమ్మడి ప్రదేశాల్లో చేర్చింది. రెరా నమూనా ఒప్పంద పత్రంలో పార్కింగు నంబరు, విస్తీర్ణం, అది ఉన్న చోటు రాయడానికి ఖాళీలు కూడా వదిలారు. మంచిదే. కానీ తెలంగాణలో రెరా 2017 జనవరి 1 తరువాత అనుమతి పొందిన ప్రాజెక్టులకే. అంతకు ముందు మల్కాజిగిరి, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి వీధుల్లో రెండు వందలు, మూడు వందల గజాల స్థలాల్లో లేచిన అపార్టుమెంట్లకు ఆ ఖాళీలు నింపేవారు ఎవరూ లేరు.

ఉమ్మడి వసతి అయితే దాన్ని పంచవలసింది ఉమ్మడి సంఘమే. మాలాంటి పాత భవనాల్లో సర్వసభ్య సమావేశం తీర్మానానికి మించిన హక్కు పత్రం లేదని నాకు అర్థమైంది. ఒక ఆదివారం ఇద్దరు ఇంజనీరింగ్ కుర్రాళ్ళను తోడు తీసుకుని, ప్లాను ప్రకారం టేపు పట్టి సెల్లార్ అంతా సున్నపు గీతలు గీశాను. ఆ సాయంత్రం జరిగిన సమావేశం మూడు గంటలు నడిచింది. అందులో మొదటి గంట గతంలో ఎవరు ఎవరిని ఏమన్నారన్న దానికే సరిపోయింది. చివరకు బిల్డర్ గది గోడ కొట్టించి పదహారో గడి బయటికి తీశాం. కార్లు లేని ఇళ్ళు మూడు. మిగిలిన పదిహేడు ఇళ్ళలో ఇంటికొక కారుకు మాత్రమే లోపల చోటు. పదిహేడో కారు అందరికంటే చిన్నది కనుక దారిలో గోడవారకు పెట్టి, తాళం చెవి వాచ్‌మన్ దగ్గర ఉంచాలి. రెండో కారు ఉన్నవారు పక్క వీధిలోని ఖాళీ ప్లాటులో నెలకు 1,500 అద్దెకు పెట్టుకోవాలి. తప్పుగా పెట్టినవారికి జరిమానా వేయాలన్న ప్రతిపాదన ఓడిపోయింది. నేనూ దానికి వ్యతిరేకంగానే చేయెత్తాను, ఎందుకంటే జరిమానా కట్టినవాడు ఆ చోటును అద్దెకు తీసుకున్నట్టే భావిస్తాడు. ఎవరికి ఏ గడి అన్నది చీటీలు వేశాం. లిఫ్టు పక్క చోటు నాకూ రాలేదు, మూడో అంతస్తు వారికీ రాలేదు. మొదటి అంతస్తు మాస్టారు గారికి వచ్చింది. నాది మెట్ల వెనుక చివరి గడి, మూడుసార్లు ముందుకూ వెనక్కూ తిప్పితే గాని బండి సరిగ్గా పడదు. ఫ్లాటు నంబరు, గడి నంబరు, బండి నంబరు, యజమాని సంతకంతో ఒక రిజిస్టరు తెరిచాం. అద్దెకు వచ్చేవారు సామాను దింపకముందే అందులో సంతకం చేయాలి. ఇప్పటికీ ఒకరు సంతకం చేయలేదు. ఆయన మాత్రం తన గడి దాటి బండి పెట్టడం లేదు.

మా ఇరవై ఇళ్ళ సంగతి ఇలా కుదుటపడింది. కానీ పొరుగువారి మర్యాద మీద వదిలేయకుండా ప్రభుత్వ శాఖలు చేయగలిగినవి రెండున్నాయి. మొదటిది స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ చేతిలో ఉంది. స్థిరాస్తి దస్తావేజులో ఆ ఆస్తిని గుర్తుపట్టడానికి సరిపడా వివరం లేనిదే రిజిస్ట్రేషనుకు స్వీకరించరాదని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 21 ఏనాడో చెప్పింది. "80 చదరపు అడుగుల కార్ పార్కింగు" అన్న వాక్యంతో ఏ చోటును గుర్తుపట్టగలమో సబ్ రిజిస్ట్రారు గారు ఎవరైనా చెబితే వినాలని ఉంది. కొత్తదైనా, చేతులు మారే పాత ఫ్లాటు అయినా, గడి నంబరూ అసోసియేషన్ ముద్ర ఉన్న పార్కింగు నక్షా జతచేయకుండా దస్తావేజులో పార్కింగు మాటే రాయనివ్వకూడదు. నక్షా లేకపోతే ఆ వాక్యాన్ని కొట్టేయాలి. అప్పుడు కొనేవాడు రేటు మాట్లాడేటప్పుడే మేల్కొంటాడు. వ్యవసాయ భూమికి నిజాం కాలంలోనే టిప్పన్ గీయించిన నేల ఇది, నగరంలో లక్షలు పోసి కొన్న చోటుకు నాలుగు గీతల నక్షా అడగడం పెద్ద కోరిక కాదు.

రెండోది పోలీసు స్టేషను గడప దగ్గర జరగవలసింది. 'సివిల్ మ్యాటర్' అన్న మాటతో మనిషిని వెనక్కు పంపితే అతడు నేరుగా టైరు గాలి దగ్గరికే వెళతాడు. ఒక ప్రాంత వాసుల మధ్య శాంతికి భంగం కలిగించే తగాదాలను ఇరుపక్షాల సమ్మతితో సామాజిక మధ్యవర్తిత్వం ద్వారా పరిష్కరించుకునే దారి 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టంలో రాసి ఉంది. ఆ చట్టం ప్రకారం దానికి దరఖాస్తు పెట్టుకోవలసింది న్యాయ సేవల సంస్థలో. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ చిరునామా రాసిన ఒక చీటీ స్టేషను రైటరు బల్ల మీద ఉంటే చాలు. నాకు ఆ సంగతి తెలిసేసరికి మా తగాదా తీరిపోయింది.

మా ప్లాను నకలునూ, నా సేల్ డీడ్‌లోని ఆ పేజీ నకలునూ ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. 80 చదరపు అడుగులు అన్న పంక్తి కింద ఎర్ర సిరాతో గీత గీశాను. అచ్చు వేయడానికి స్థలం చాలకపోతే ఉత్తరంలో నా సొంత కథ ఎంత కోసినా అభ్యంతరం లేదు, సెక్షన్ 21 గురించిన వాక్యాలు మాత్రం ఉంచవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత సర్వేయరు,
మల్కాజిగిరి, హైదరాబాద్.